గుర్రాల పని నేర్పించండి: గడ్చిరోలి కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారాలు.

రేసు గుర్రాల పనంటే సిరొంచ వైపు మన తెలుగు కుర్రాళ్లకు రేసులో స్వారీ చేసే జాకీ ఒక్కడే గుర్తొస్తాడు. ఒంటి బరువు 50 కిలోల దరిదాపుల్లో నిలబెట్టుకోవడం అందరి వల్లా కాదు. సాయీసు పని (గుర్రాన్ని రోజూ చూసుకునే పని), లాడాలు కొట్టడం మాత్రం శ్రద్ధ ఉంటే పట్టుబడతాయి. పుణె, హైదరాబాద్ మలక్‌పేట లాయాల్లో ఇవి రోజూ ఉండే పనులు.

లాడం 4, 5 వారాలకోసారి మార్చాలి. గిట్ట అడుగున తెల్లగీత కనిపిస్తుంది. మేకు దానికి బయటివైపే ఏటవాలుగా పైకి రావాలి. లోపలికి దిగిందా, మెత్తని కండలో గుచ్చుకుని చీము పడుతుంది, గుర్రం కుంటుతుంది. సాయీసు పొద్దున్నే కాళ్ల స్నాయువులు (కండను ఎముకకు కలిపే పట్టీలు) తడిమి చూడాలి. వేడి తగిలితే ఆ రోజు పరుగు వద్దు. దాణా మిగిల్చినా, పేడ వేయకపోయినా కడుపుశూలేమోనని వెంటనే డాక్టర్‌ను పిలవాలి. గుర్రం వాంతి చేసుకోలేదు, ఆలస్యమైతే ప్రాణం పోతుంది.

ఐటీఐలో ఈ కోర్సు పెట్టించండి, తెలుగులో చెప్పేవాళ్లను వేయండి. 18 నిండనివాళ్లను పనికి పంపనివ్వకండి. తన్ను తగిలితే ఎముక విరిగే పని, బీమా కూడా కట్టించండి.