ఆదివారం మా పొలంలో పుంగనూరు ఆబోతుల మార్పిడి

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం ఉదయం 7 గంటలకు కళ్యాణదుర్గం దగ్గరి మా పొలంలో పుంగనూరు (పొట్టి ఆవుల జాతి) ఆబోతుల మార్పిడి జరుగుతుంది.

మన మందలు చిన్నవి కావడం వల్ల, ఒకే ఆబోతును ఏళ్ల తరబడి ఉంచుకుంటే దాని పెయ్యలు ఎదకు వచ్చేసరికి తండ్రితోనే దాటించవలసి వస్తుంది; రక్తసంబంధం అలా దగ్గరయ్యేకొద్దీ దూడలు బలహీనంగా పుడతాయి, ఆవులకు చూలు సరిగా నిలవదు. మా ఆబోతు ఇప్పటికే గాటి దగ్గర తన పెయ్యల పక్కనే మేత మేస్తోంది. దానిని పంపడం ఇంట్లో అందరికీ బాధగానే ఉన్నా, జాతి నిలవాలంటే పంపక తప్పదు.

ఆబోతు వయసు, తల్లిదండ్రుల వివరాలు, చెవిపోగు మీది 12 అంకెల నంబరు గురువారంలోగా ఈ గ్రూపులోనే తెలియజేయండి. గాలికుంటు (పశువుల నోటికి, గిట్టలకు వచ్చే అంటువ్యాధి) టీకా వేయించి కనీసం 3 వారాలు గడిచిన పశువులనే తీసుకురండి. నోటి నుంచి చొంగ కారుతున్నా, గిట్టల మధ్య పుండ్లు కనిపించినా దయచేసి బయలుదేరవద్దు.

జోడిపి రకం గొర్రె పొట్టేళ్లను, అసీల్ జాతి కోడిపుంజులను ఈసారి తేవద్దు. వాటికి వేరే రోజు చూద్దాం.

మరచిపోవద్దు: గేటు దగ్గర చాకలి సోడా కలిపిన నీళ్లలో చెప్పులు తడిపిన తరువాతే అందరూ లోపలికి రావాలి.