పద్నాలుగేళ్లు నిండేదాకా ట్యాకిల్ ఫుట్‌బాల్ వద్దు

సంపాదకులకు నమస్కారం.

డాలస్ శివార్లలోని ఫ్రిస్కో, ప్లేనో, కొపెల్ వైపు మన తెలుగు పిల్లలు కూడా అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతున్నారు. టెక్సాస్‌లో ఏడో తరగతి నుంచే స్కూలు జట్లుంటాయి. బయటి లీగుల్లోనైతే అంతకన్నా చిన్నవాళ్లే బంతి ఉన్నవాడిని గుద్ది పడగొట్టే ట్యాకిల్ ఆట ఆడేస్తుంటారు. పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లల్ని అందులో చేర్చొద్దని మీ పత్రిక ద్వారా సాటి తల్లిదండ్రులను వేడుకుంటున్నాను.

డెమేరియస్ థామస్ అనే ఫుట్‌బాల్ ఆటగాడి కథ వారికి తెలియాలి. జార్జియాలో ఒక చిన్న ఊరివాడు. పదకొండేళ్లప్పుడు తల్లీ అమ్మమ్మా మాదకద్రవ్యాల కేసులో అరెస్టయితే బంధువుల ఇళ్లలో పెరిగాడు. జార్జియా టెక్ యూనివర్సిటీ జట్టులో వైడ్ రిసీవర్, అంటే విసిరిన బంతిని (పాసును) అందుకుని పరుగెత్తే ఆటగాడు, అయ్యాడు. ఆ జట్టు పాసులు వేసేది తక్కువ, బంతితో పరుగెత్తేదే ఎక్కువ. 2009 సీజన్ మొత్తంలో అతను అందుకున్నవి 46 పాసులే, వాటితోనే 1,154 గజాలు సాధించాడు. మరి మిగతా సమయమంతా? ఎదుటి డిఫెండర్‌ను అడ్డుకుని, బంతి పట్టుకున్నవాడికి దారి చేయడమే పని. టీవీలో మనం చూసేది క్యాచ్‌లే. ఆ గుద్దులను ఎవరూ లెక్కపెట్టరు.

2010లో, వృత్తి లీగు ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో డెన్వర్ బ్రాంకోస్ జట్టు అతన్ని 22వ ఎంపికగా తీసుకుంది. 2012 జనవరిలో పిట్స్‌బర్గ్‌తో ప్లేఆఫ్ (నాకౌట్) మ్యాచ్ స్కోరు సమమై ఓవర్‌టైమ్‌కు, అంటే అదనపు సమయానికి, వెళ్లింది. అందులో మొదటి ఎత్తులోనే తమ జట్టు టిమ్ టీబో విసిరిన పాసును మైదానం నడుమ అందుకుని, మీదికొచ్చిన డిఫెండర్‌ను ఒంటిచేత్తో నెట్టేసి పాయింట్లు వచ్చే చివరి గడి ఎండ్‌జోన్‌దాకా పరుగెత్తాడు. 80 గజాలు, 11 సెకన్లు. మ్యాచ్ అయిపోయింది. ఇప్పుడు చూసినా ఒళ్లు పులకరించే పరుగది. ఆ ఏడాది నుంచి వరుసగా ఐదు సీజన్లు వెయ్యి గజాలు దాటాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ 50 గెలిచాడు.

2021 డిసెంబరులో, 33 ఏళ్లకే పోయాడు. బోస్టన్ యూనివర్సిటీ వైద్యులు అతని మెదడును పరీక్షించి రెండో దశ సీటీఈ ఉందని 2022లో తేల్చారు. తలకు పదేపదే తగిలే దెబ్బలతో మెదడు క్రమంగా క్షీణించే జబ్బు అది. మనిషి బతికుండగా దాన్ని ఖాయంగా నిర్ధారించే పరీక్ష లేదు. థామస్ ప్రాణం తీసింది మూర్ఛ వ్యాధి; సీటీఈయే కారణమని వైద్యులు చెప్పలేదు. ఆ తేడాను దాచను. అదే యూనివర్సిటీ 2023 నాటికి పరీక్షించిన 376 మంది మాజీ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లలో 345 మందికి ఈ జబ్బు కనిపించింది. అవి దానంగా వచ్చిన మెదళ్లు కాబట్టి ఆ లెక్క ఆటగాళ్లందరికీ వర్తించదు. అయినా చిన్నపిల్లల విషయంలో ఇంతకన్నా రుజువు కావాలని కూర్చోవడం నాకు సబబుగా తోచదు. హెల్మెట్ పుర్రెను కాపాడుతుందేగాని లోపల మెదడు అదరకుండా ఆపలేదు.

ఆట మాన్పించమని నేననడం లేదు. ఫ్లాగ్ ఫుట్‌బాల్‌లో ప్రత్యర్థి నడుముకున్న పట్టీ లాగేస్తే చాలు, పడగొట్టే పని లేదు. పాసు అందుకోవడం, డిఫెండర్‌ను తప్పించుకోవడం అందులోనూ నేర్చుకోవచ్చు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కూడా అది ఉంది.

ఇప్పటికే స్కూలు జట్టులో చేరిన పిల్లలుంటే, కోచ్‌ను మొహమాటపడకుండా అడగండి. సీజన్‌లో ఒక్కో ఆటగాడికి వారానికి 90 నిమిషాలకు మించి ఫుల్ కాంటాక్ట్ (నిజంగా గుద్దుకుని పడగొట్టే) ప్రాక్టీసు ఉండకూడదన్న నిబంధన పాటిస్తున్నారా? కంకషన్ (దెబ్బకు మెదడు అదరడం) అనుమానం వస్తే వెంటనే ఆట ఆపించాలని, డాక్టరు రాసిచ్చేదాకా మళ్లీ దింపకూడదని టెక్సాస్ చట్టం చెబుతోంది. ప్రాక్టీసులో ఆ నిర్ణయం తీసుకునేది ఎవరో పేరు చెప్పమనండి.

— ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సాస్