వార్షిక నివేదిక 2025-26: యుద్ధం రోజుల్లో మన కాలనీ

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు మన కాలనీ సంక్షేమ సంఘం చేసిన పనుల నివేదికను కార్యవర్గం తరఫున మీ ముందు పెడుతున్నాను. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు.

మామూలు పనులు

రెండో లైన్ బోరు మోటారు మార్చాం. పార్కు వైపు వీధి దీపాలు ఎల్‌ఈడీలయ్యాయి. వర్షాలకు ముందే కాలువల పూడిక తీయించాం కాబట్టి ఈసారి మూడో లైన్లో ఇళ్లలోకి నీళ్లు రాలేదు. వినాయక చవితి, సంక్రాంతి ముగ్గులు, ఆగస్టు 15 జెండా వందనం ఎప్పటిలాగే జరిగాయి. కుక్కల సమస్య ఎక్కడిదక్కడే ఉంది. చెత్త బండి వేళల గురించి కార్పొరేషన్‌కు రాసిన ఉత్తరాలకు జవాబు రావాల్సి ఉంది.

ఈ ఏడాది కార్యవర్గం ఎక్కువ సమయం పెట్టింది మాత్రం వీటి మీద కాదు. ఆ సంగతి మీకూ తెలుసు. అందుకే మిగతా నివేదికంతా దానికే కేటాయించాను.

మే నెల

ఏప్రిల్ 22న పహల్గాంలో టూరిస్టుల మీద ఉగ్రదాడి జరిగింది. మే 7 తెల్లవారుజామున ఆపరేషన్ సిందూర్ మొదలైంది. అదే రోజు మన విశాఖలో సైరన్లతో మాక్ డ్రిల్ పెట్టారు. మనది నేవీ ఊరు. తూర్పు నౌకాదళం ప్రధాన కేంద్రం ఇక్కడే ఉంది, 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మన తీరంలోనే. అప్పటి బ్లాకౌట్లు, కిటికీలకు అంటించిన నల్ల కాగితాలు చూసిన పెద్దవాళ్లు మన కాలనీలో ఇంకా ఉన్నారు. ఈసారి కూడా మన ఇళ్ల నుంచే కొందరు పిల్లలు డ్యూటీలో ఉన్నారు. ఆ నాలుగు రోజులు టెన్షన్ పడని ఇల్లు లేదు.

వాట్సాప్ గ్రూపులో గొడవ మొదలైంది ఆ రోజుల్లోనే. మన సభ్యుల్లో ఒక రిటైర్డ్ మేష్టారు రెండు మాటలు రాశారు. ఒకటి, అంతమంది టూరిస్టులు తిరిగేచోట కాపలా ఎందుకు లేదో ప్రభుత్వం చెప్పాలి. రెండు, ఎంత తొందరగా ఆగితే అంత మంచిది. అంతే. తెల్లారేసరికి గ్రూపు నిండిపోయింది. ద్రోహి అన్నారు, అటువైపే వెళ్లిపొమ్మన్నారు, పఠన మందిరం కమిటీ నుంచి తీసెయ్యాలన్నారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు కూడా అన్నవాళ్లలో ఉన్నారు. మేష్టారిని సమర్థించినవాళ్లేమైనా తక్కువ తిన్నారా? యుద్ధాన్ని సమర్థించేవాళ్లందరికీ మెదడు లేదన్నట్టు రాశారు.

అత్యవసరంగా కార్యవర్గం కూర్చున్నాం. తలుపు తీసి ఉంచాం కాబట్టి కార్యవర్గంలో లేనివాళ్లూ వచ్చారు. చాలాసేపు కేకలే. ఆఖరికి కొడుకు షిప్పులో ఉన్న ఒక అమ్మ లేచి, "మావాడు తిరిగొచ్చేదాకా మీరంతా కాస్త గొంతు తగ్గించండి బాబూ. వాడి పేరు చెప్పి ఒకర్నొకరు తిట్టుకోవద్దు. మేష్టారు అడిగింది నేనూ అడుగుతాను, ఆయనకంటే ముందు నేనే అడగాలి" అన్నారు. ఆ తర్వాతే మాట్లాడుకోవడం కుదిరింది.

ఆ రాత్రి తీసుకున్న నిర్ణయం మినిట్స్‌లో ఉంది. మేష్టారి మెసేజ్ తీయలేదు. ఆయన్ను ఏ కమిటీ నుంచీ తప్పించలేదు. ఆయన్ను బూతులు తిట్టిన మెసేజ్‌లు మాత్రం అడ్మిన్లు తీసేశారు. అదే వారంలో మరో మెసేజ్ కూడా తీయించాం. ఒక కుర్రాడు బీచ్ రోడ్డు మీద నిలబడి, హార్బర్ వదిలి వెళ్తున్న ఓడలను వీడియో తీసి "మనవాళ్లు బయల్దేరారు" అని పెట్టాడు. మంచి ఉత్సాహంతోనే పెట్టాడు, దేశం మీద వాడి ప్రేమను ఎవరూ శంకించలేదు. కానీ సైన్యం కదలికలు చూపించొద్దని కేంద్రం ఏప్రిల్‌లోనే మీడియాకూ సోషల్ మీడియా వాడేవాళ్లకూ సూచన చేసింది. నిమిషాల్లో ఫోన్ చేసి తీయించాం. కొందరు ఇక్కడే మమ్మల్ని తప్పుపట్టారు: "జై హింద్ అన్నవాడి పోస్టు తీస్తారు, ప్రశ్న వేసినవాడిది ఉంచుతారా?" అవును, అలాగే చేశాం. శత్రువుకు పనికొచ్చేది ఓడ ఎటు వెళ్తోందన్న కబురు. కాపలా ఎందుకు లేదన్న ప్రశ్న మన ప్రభుత్వానికి వేసింది, దానివల్ల ఏ జవానుకీ ప్రమాదం లేదు.

బయట ఏం జరుగుతోందో కూడా మనం చూశాం. పెళ్లై వారం తిరక్కుండానే పహల్గాంలో భర్తను పోగొట్టుకున్న నేవీ ఆఫీసరు భార్య, ముస్లింలనూ కశ్మీరీలనూ లక్ష్యం చేసుకోవద్దు, శాంతీ న్యాయమూ కావాలి అన్నందుకు ఆన్‌లైన్లో దారుణంగా తిట్లు తిన్నారు. జాతీయ మహిళా కమిషన్ దాన్ని ఖండించాల్సి వచ్చింది. మే 10న కాల్పుల విరమణ ప్రకటించిన విదేశాంగ కార్యదర్శిని, ఆయన కూతుర్ని కూడా వదల్లేదు. ప్రభుత్వ నిర్ణయాన్ని చదివి వినిపించిన ఉద్యోగి ఆయన! హైదరాబాద్ శంషాబాద్‌లో కరాచీ బేకరీ మీద దాడి చేశారు. దేశ విభజనలో సింధు వదిలి వచ్చిన రామ్నానీ కుటుంబం 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర మొదలుపెట్టిన దుకాణం అది. పాకిస్తాన్ ఏర్పడటం వల్ల ఊరు పోగొట్టుకున్నవాళ్ల షాపు మీద పాకిస్తాన్ మీది కోపం తీర్చుకున్నారన్నమాట. మన దసరా సంబరాల్లో ఆ బిస్కెట్లు వద్దని కూడా ఒక ప్రతిపాదన వచ్చింది. కార్యవర్గం దాన్ని చర్చకు కూడా తీసుకోలేదు.

పఠన మందిరంలో చర్చలు

గొడవ చల్లారాక, దీన్ని ఇక్కడితో వదలకుండా పాత రోజుల్లో ఇలాంటి సమయాల్లో ఏం చేశారో చదువుదాం అని మేష్టారే అడిగారు. మెసేజ్ తీసెయ్యాలని గట్టిగా వాదించిన రిటైర్డ్ నేవీ ఆఫీసరు గారు, నేనూ చదువుతాను, నా వాదన నేను చెప్తాను అన్నారు. జూన్ నుంచి నెలకో ఆదివారం కూర్చున్నాం. మన సంఘం చరిత్రలో సమోసాలు లేకుండా జనం వచ్చిన కార్యక్రమం బహుశా ఇదే.

మొదటి చర్చ 1962 గురించి. అక్టోబర్ 20న చైనా సైన్యం దాడి చేసింది. 26న రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ఎమర్జెన్సీ ప్రకటించారు. పార్లమెంటును వెంటనే పిలవాలని ప్రతిపక్షం అడిగింది. అడిగినవాళ్లలో ముఖ్యుడు 37 ఏళ్ల జనసంఘ్ రాజ్యసభ సభ్యుడు అటల్ బిహారీ వాజ్‌పేయి. నెహ్రూ ఒప్పుకున్నారు. నవంబర్ 8న సభ మొదలైంది. రహస్యంగా జరుపుదామన్న సలహాను కూడా నెహ్రూ కాదన్నారు. సరిహద్దులో పోరు ఇంకా ముగియలేదు, మనం ఓడిపోతున్నాం, అలాంటప్పుడు 160 మందికి పైగా సభ్యులు లేచి మాట్లాడారు. చాలామంది ప్రభుత్వాన్ని చీల్చి చెండాడారు. సొంత పార్టీ వాళ్ల ఒత్తిడికి అంతకుముందు దాకా రక్షణ శాఖ చూసిన కృష్ణ మేనన్ సభ మొదలవడానికి ముందు రోజే మంత్రివర్గం నుంచి వెళ్లిపోయారు. 14వ తేదీన అందరూ కలిసి తీర్మానం చేశారు. అలా నిలదీయడం వల్ల సైన్యం ధైర్యం చెడిందని ఎవరైనా అనగా మేం వినలేదు. సైనికులకు చలి బట్టలు, మంచి తుపాకులు లేవన్న మాట బయటికి రావడంలో అలా అడిగినవాళ్ల పాత్ర కూడా ఉంది.

నేవీ ఆఫీసరు గారు ఇక్కడ ఒక మంచి పోటు పొడిచారు. 1999లో కార్గిల్ యుద్ధం జరుగుతుంటే రాజ్యసభను పిలవమని కాంగ్రెస్ అడిగింది. అప్పుడు ప్రధాని అదే వాజ్‌పేయి, పిలవలేదు. 2025లో పహల్గాం తర్వాత ప్రత్యేక సమావేశం పెట్టాలని ప్రతిపక్షం అడిగితే అప్పుడూ పెట్టలేదు, జూలై ఆఖర్లో వర్షాకాల సమావేశాల్లో చర్చ జరిగింది. ఎవరు కుర్చీలో ఉన్నా ప్రశ్న రుచించదు, కాబట్టి ఇందులో పార్టీలు వెతకొద్దు అని ఆయన వాదన. ఒప్పుకోవాల్సిందే. అయితే కార్గిల్ విషయంలో వాజ్‌పేయి ప్రభుత్వం మరో పని చేసింది. యుద్ధం ముగిసిన మూడు రోజులకే కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన సమీక్షా కమిటీ వేసింది, నిఘా లోపాలను ఎత్తిచూపిన ఆ నివేదికను 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందు పెట్టింది. 1962 ఓటమి మీద సైన్యం తయారుచేసిన నివేదికను ఏ ప్రభుత్వమూ ఇప్పటికీ అధికారికంగా బయటపెట్టలేదు.

1962లో మెచ్చుకోదగ్గది పార్లమెంటు ఒక్కటే. బయట జరిగింది వేరు. భారత రక్షణ నిబంధనల కింద విచారణ లేకుండా వందలమంది కమ్యూనిస్టులను జైల్లో పెట్టారు. అప్పటికి గన్నవరం ఎమ్మెల్యేగా ఉన్న పుచ్చలపల్లి సుందరయ్య గారూ వాళ్లలో ఉన్నారు. ఆ పార్టీలో చైనాను తప్పనడానికి నీళ్లు నమిలినవాళ్లు ఉన్న మాట నిజమే, దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ అస్సాం, బెంగాల్‌లలో తరాలుగా ఉంటున్న చైనా సంతతి జనం ఏం చేశారు? చెప్పుల షాపులు, రెస్టారెంట్లు, వడ్రంగి పనులు చేసుకునేవాళ్లు. ఆడవాళ్లు, పిల్లలతో సహా సుమారు 3,000 మందిని రైల్లో రాజస్థాన్‌లోని దేవళీ క్యాంపుకు తరలించారు. కొందరు అక్కడే 1967 దాకా ఉండిపోయారు. ఆ పోరు సాగింది నెల రోజులు. ఎమర్జెన్సీ మాత్రం 1968 జనవరి దాకా ఎత్తలేదు. మన సభ్యుల్లో ఎక్కువమందికి ఈ సంగతి అప్పటిదాకా తెలియదు, నాకూ కొత్తే.

ఇంకో ఆదివారం రెండు తీర్పులు చదివాం. రెండూ మన తెలుగు జడ్జీలు రాసినవి. మొదటిది రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావుది. బొంబాయిలో భారత రక్షణ నిబంధనల కిందే నిర్బంధంలో ఉన్న ప్రభాకర్ సంజ్‌గిరి జైల్లో కూర్చుని అణువు గురించి మరాఠీలో సైన్సు పుస్తకం రాశారు. అచ్చు వేయించడానికి రాతప్రతిని బయటికి పంపనివ్వమని అడిగితే మహారాష్ట్ర ప్రభుత్వం కుదరదంది. నిర్బంధంలో ఉన్నవాళ్లకు ఏమేం ఇవ్వాలో నిబంధనల్లో రాసి ఉంది, పుస్తకం అచ్చు వేయించుకోవడం అందులో లేదు కాబట్టి ఆ హక్కు లేదని ప్రభుత్వ వాదన. సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. నిబంధనలు ఆంక్షలు పెట్టడానికి ఉన్నాయి, ఆంక్ష లేనిచోట మనిషి స్వేచ్ఛ మిగిలే ఉంటుంది, సైన్సు పుస్తకం దేశ రక్షణకు అడ్డం కాదు అన్నారు. తీర్పు తేదీ చూడండి: 1965 సెప్టెంబర్ 6. మన సైన్యం లాహోర్ వైపు సరిహద్దు దాటిన రోజు అది. ఆ రోజు సుప్రీంకోర్టు ఒక ఖైదీ పుస్తకం గురించి తీరిగ్గా ఆలోచించి అతని పక్షాన నిలబడింది. ఆ ఆదివారం దీని మీద వాదించడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు.

రెండోది గుత్తిలో పుట్టిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డిది. 1985లో కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయ గీతం వచ్చినప్పుడు మర్యాదగా లేచి నిలబడ్డారు కానీ పాడలేదు. బడి నుంచి తీసేశారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుంది, మన తత్వం బోధిస్తుంది, మన రాజ్యాంగం ఆచరిస్తుంది, దాన్ని పలుచన చేయొద్దు అని తీర్పు ముగించారు. ఇది యుద్ధకాలం నాటి కేసు కాదుగా అని ఒకరు అడిగారు. నిజమే, కానీ అందులో ప్రస్తావించిన అమెరికా తీర్పు మాత్రం అచ్చంగా యుద్ధకాలానిదే. అక్కడ 1940లో ఇదే మతం పిల్లలు జెండాకు సెల్యూట్ చేయకపోతే బడి నుంచి తీసేయవచ్చని సుప్రీంకోర్టు 8-1తో అంది. ఆ తర్వాత ఊళ్లలో ఆ మతం వాళ్లను పట్టుకుని కొట్టారు. మూడేళ్లకు, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు చనిపోతూ ఉండగానే, 1943 జూన్ 14న అదే కోర్టు 6-3తో తన మాట వెనక్కి తీసుకుంది. ఆ రోజు వాళ్ల జెండా పండుగ కూడా. అప్పటిదాకా అమెరికా బడి పిల్లలు జెండా ముందు చెయ్యి చాచి సెల్యూట్ చేసేవాళ్లు. అది అచ్చం హిట్లర్ సెల్యూట్‌లా ఉందని 1942 డిసెంబర్‌లో గుండె మీద చెయ్యి పెట్టుకునే పద్ధతికి మార్చారు. ఇది విన్న ఎనిమిదో తరగతి అమ్మాయి, "అంటే ముందు ఎవరు కాపీ కొట్టినట్టు?" అని అడిగింది. అమెరికా వాళ్లది 1892 నుంచే ఉంది కాబట్టి జవాబు సులువైంది, నవ్వులు ఆపడమే కష్టమైంది.

మేష్టారు, నేవీ ఆఫీసరు గారు ఇప్పటికీ ఒక అభిప్రాయానికి రాలేదు. పోరు నడుస్తున్న నాలుగు రోజులైనా ప్రశ్న ఆపుకోవచ్చు కదా అని ఆఫీసరు గారు, ఆపుకుంటే తర్వాత ఎవరూ అడగనివ్వరు అని మేష్టారు. నా మటుకు నేను మేష్టారి వైపు. ఎమర్జెన్సీ అయిదేళ్లు సాగిన సంగతి చదివాక ఇంకా గట్టిగా. ఇద్దరూ కలిసే పఠన మందిరానికి కొత్త బీరువా కొనిపించారు, దాని బిల్లు కోశాధికారి గారి దగ్గర ఉంది.

సభ ముందున్న తీర్మానం

దేశానికి వ్యతిరేకంగా రాసిన సభ్యుల్ని సంఘం నుంచి తొలగించే అధికారం కార్యవర్గానికి ఇవ్వాలని కొందరు సభ్యులు సంతకాలు చేసి బైలా సవరణ ప్రతిపాదించారు. ప్రతిపాదించడం వారి హక్కు కాబట్టి ఎజెండాలో పెట్టాం. కార్యవర్గంలో ఎక్కువమంది దీనికి వ్యతిరేకం. ఏది దేశ వ్యతిరేకమో తేల్చే తెలివితేటలు బోర్లు బాగుచేయించే మాలాంటి కార్యవర్గానికి లేవు. రేపు కార్యవర్గం మారితే ఆ అధికారం ఎవరి చేతిలో ఉంటుందో సంతకాలు చేసినవాళ్లు కూడా ఆలోచించాలి. సైనిక కదలికల ఫొటోలు, వ్యక్తిగత దూషణ గ్రూపులో పెట్టకూడదన్న మే నెల నిర్ణయాన్ని మాత్రం శాశ్వత నియమంగా చేయమని మా వైపు నుంచి కోరుతున్నాం.

రెండింటి మీదా విడివిడిగా, చీటీల మీద రహస్య ఓటింగ్ ఉంటుంది. బైలా ప్రకారం చందా బకాయి ఉన్నవాళ్లకు ఓటు ఉండదు. కోశాధికారి గారు ఉదయం తొమ్మిదింటి నుంచి గేటు దగ్గర టేబుల్ వేసుకుని కూర్చుంటారు. ఫోన్‌పే కూడా తీసుకుంటారు.

ఇట్లు,
గౌరవ కార్యదర్శి
కార్యవర్గం తరఫున