నాన్నగారి మొక్కలను కాపాడిన మీ అందరికీ మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు

కడియపులంక దగ్గర నలభై ఏళ్లకు పైగా నర్సరీ నడిపిన మా నాన్నగారు గత నెలలో తమ 74వ ఏట ప్రభువునందు నిద్రించిన సంగతి మీలో చాలామందికి తెలుసు. భూస్థాపన కార్యక్రమానికి, ఆ తరువాత చర్చిలో జరిగిన ఆదరణ కూడికకు వచ్చినవారిలో ప్రతి ఒక్కరినీ కలిసి నమస్కారం చెప్పే స్థితిలో అప్పుడు మేము లేము. అమ్మగారు కొంత తేరుకున్నాక, "సాయం చేసినవాళ్లకు నోరు తెరిచి చెప్పకపోతే మీ నాన్న ఊరుకోరు" అని మరీ మరీ అనడం వల్ల ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నర్సరీకి సెలవు ఉండదని మన ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కరలేదు. నేలలో పాతుకున్న చెట్టు కొన్నాళ్లు నీరు లేకపోయినా ఓర్చుకుంటుంది గానీ, చిన్న కవరులో గుప్పెడు మట్టిని నమ్ముకుని ఉన్న మొక్కకు ఏప్రిల్, మే నెలల్లో ఒక్క పూట తడి తప్పినా ఆకు వాలిపోతుంది, రెండో రోజుకు కొన ఎండిపోతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే నాన్నగారి కిడ్నీలు పూర్తిగా దెబ్బతిని, వారానికి మూడుసార్లు డయాలసిస్ అవసరమై, చివరకు కాకినాడలో ఆసుపత్రిలోనే ఉండవలసి వచ్చింది. మేమందరం అక్కడే ఉండిపోయాము. తిరిగి వచ్చేసరికి తోటలో ఏమీ మిగలదని నేను మనసులో సిద్ధపడే ఉన్నాను. కాని వచ్చి చూస్తే వరుసలన్నీ పచ్చగా ఉన్నాయి. కలుపు తీసి ఉంది, గాలికి చిరిగిన షేడ్ నెట్ కుట్టి ఉంది, గులాబీలకు పురుగుమందు కూడా కొట్టి ఉంది.

మా మోటారు కాలిపోయినప్పుడు మాకు కబురైనా చేయకుండా తమ బోరు నుంచి పైపు లాగి నీళ్లు పెట్టిన పక్క నర్సరీ బాబాయిగారికి ముందుగా మా నమస్కారాలు. వ్యాపారంలో ఆయన, నాన్నగారు ఒకే లారీ లోడు కోసం పోటీ పడినవారే. అయినా మా గేటు దగ్గర ఆగిన బేరగాళ్లకు ఆయన మా మొక్కలనే చూపించి, మా ధరకే అమ్మి, ఆ డబ్బును చీటీతో సహా అమ్మగారి చేతికి ఇచ్చారు. కూలి ఎప్పుడిస్తారని ఒక్కసారి కూడా అడగకుండా తెల్లవారుజామునే వచ్చి తడులు పెట్టిన మా నర్సరీ అక్కలకు, పిన్నులకు, బుర్రిలంక నుంచి వంతులవారీగా వచ్చిన సంఘ యౌవనస్తులకు ఏమి ఇచ్చినా ఆ రుణం తీరదు.

ఇంతమంది ఎందుకు వచ్చారన్నది నాన్నగారి జీవితం తెలిసినవారికి అర్థమవుతుంది. ఆయన చిన్నతనంలో పొరుగువారి తోటలో కవర్లకు మట్టి నింపే కూలిగా ఈ పనిలోకి వచ్చారు. అంటు కట్టడం అక్కడే నేర్చుకుని, పెళ్లయ్యాక గోదావరి లంకలో కొంత నేల కౌలుకు తీసుకుని సొంతంగా మొక్కలు పెంచడం మొదలుపెట్టారు. 1986 ఆగస్టులో వచ్చిన గోదావరి వరదకు ఆ లంక తోట మొత్తం కొట్టుకుపోయింది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ వరదను చూసినవారు ఇప్పటికీ దాని గురించి గొంతు తగ్గించి మాట్లాడతారు. నీరు తీసిన తరువాత మేట వేసిన ఒండ్రును చూపించి, దేవుడు మంచి మట్టి పంపించాడని నాన్నగారు అన్నారట. ఆ మాట అమ్మగారికి అప్పట్లో చాలా కోపం తెప్పించిందని ఆమే చెప్పారు.

మామిడి అంటు కట్టడంలో ఆయన చూపిన శ్రద్ధను గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కట్టడానికి వారం పది రోజుల ముందే తల్లిచెట్టు మీద కొమ్మలను ఎంచి, తొడిమలు మాత్రం ఉంచి ఆకులు కోసేవారు. కొనన ఉన్న మొగ్గ ఉబ్బి, ఇక విచ్చుకుంటుందన్న అదనులో పుల్లను కోసి తడి గోనెగుడ్డలో చుట్టి తెచ్చేవారు. టెంక నుంచి మొలిచి ఏడాది నిండిన మొక్క కాండం మీద ఒక పక్కన చెక్కు తీసి, పుల్లను కూడా అదే కొలతకు చెక్కి, రెండింటి పచ్చి పొరలు ఒకదానికొకటి తగిలేటట్టు అమర్చి ప్లాస్టిక్ పట్టీతో కింది నుంచి పైకి బిగించేవారు. కత్తి గీత ఒక్కసారే పడాలి, రెండోసారి చెక్కితే గాయం వంకర పోతుంది అనేవారు. అతికి చిగురు వేసినా, ఆ ఆకు ముదిరే దాకా ఎంత బేరం వచ్చినా మొక్కను కదలనిచ్చేవారు కారు.

ఇంత పట్టుదల ఎందుకో నాకు పెద్దయ్యాక తెలిసింది. మామిడి అంటు నాటిన రైతుకు కాయ కనబడడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. బంగినపల్లి అని కొన్నది మరొకటి అని తేలేది కూడా అప్పుడే, ఆ సంవత్సరాలను ఎవరూ తిరిగి ఇవ్వలేరు. అందువల్ల ఆయన తాను కాపు చూసి రుచి చూసిన తల్లిచెట్ల నుంచి తప్ప పుల్ల తెచ్చేవారు కాదు. బంగినపల్లి, కొత్తపల్లి కొబ్బరి, సువర్ణరేఖ అనే మామిడి రకాలకు వేరువేరు వరుసలు, వేరువేరు రంగుల గుర్తులు ఉండేవి. సపోటాను పాల అనే అడవిచెట్టు మొక్క మీద కట్టిన అంటునే అమ్మేవారు. నా దృష్టిలో ఆయన భక్తిలో సగం ఈ వరుసల్లోనే ఉండేది.

మిగతా సగం ఆదివారం ఉదయం కనబడేది. హైవే మీద కార్లు ఎక్కువగా ఆగేది ఆదివారమే. అయినా ఆ రోజు చీకటితోనే తడులు ముగించి, గేటుకు తాళం వేసి, తెల్ల పంచె కట్టుకుని మా లూథరన్ చర్చికి వెళ్లిపోయేవారు. ఆరాధన ముగిశాకే నర్సరీ తెరిచేవారు. మట్టల ఆదివారానికి పిల్లలు పట్టుకునే ఈతమట్టలు, క్రిస్మస్‌కు సరుగుడు కొమ్మలు, ఈస్టరు తెల్లవారుజామున సమాధుల మీద ఉంచే పూలు ఆయన బాధ్యత. సంఘంలో ఏ బిడ్డకు బాప్తిస్మం ఇచ్చినా ఆ ఇంటికి ఒక పండ్ల మొక్క పంపేవారు. సమాధుల తోట గోడ వెంబడి నందివర్ధనాలు నాటినదీ, ఎండల్లో వాటికి నీళ్లు మోసినదీ ఆయనే.

1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమలో లక్షల కొబ్బరిచెట్లను కూల్చివేసిన తరువాత, ముమ్మిడివరం వైపు నుంచి వచ్చిన రైతులకు ఆయన కొబ్బరి మొక్కలను అరువుకు ఇచ్చారు. కాపు వచ్చాక ఇవ్వండని చెప్పి, కొందరి పేర్లు రాసుకోనే లేదు. ఆదరణ కూడిక రోజున అటువైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన తోటలో దింపిన కొబ్బరికాయల బస్తాను చర్చి మెట్ల దగ్గర దించి, ఈ చెట్లు మీ నాన్నగారివేనమ్మా అని నాతో అన్నారు. తమ పేరు చెప్పకుండానే వెళ్లిపోయారు. ఈ మాటలు వారికి చేరితే, మా అమ్మగారు వారిని ఒకసారి చూడాలని కోరుతున్నారని మనవి.

ఆసుపత్రిలో నాన్నగారికి రక్తం అవసరమైన ప్రతిసారీ బయలుదేరి వచ్చిన యువకులకు, డయాలసిస్ గదిలో ఆయనను పేరుపెట్టి కాకుండా "తాతయ్యా" అని పిలుస్తూ సూది గుచ్చిన నర్సులకు, కిరాయి తీసుకోవడానికి ఒప్పుకోని ఆటో సోదరుడికి మా హృదయపూర్వక వందనాలు. సంఘ కాపరి అయ్యగారు చివరి వారమంతా ఆయన మంచం దగ్గర కూర్చుని వాక్యం చదివి ప్రార్థించారు. నాన్నగారు అడిగి మరీ చదివించుకున్నది లూకా సువార్త 13వ అధ్యాయంలోని అంజూరపు చెట్టు ఉపమానం. కాయని చెట్టును నరికివేయమన్న యజమానిని, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను, మరొక్క ఏడాది గడువు ఇవ్వమని బతిమాలిన తోటమాలి ఆయనకు ఎంతో ఇష్టం. ఆ తోటమాలికి పని తెలుసు అనేవారు.

స్త్రీల సమాజం వారు మూడు రోజులు మా ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వకుండా అందరికీ భోజనాలు పెట్టారు. కడియపులంక పూలమార్కెట్ వ్యాపారులు పేటిక మీదకు, సమాధి మీదకు చామంతులు, గులాబీలు బుట్టలతో పంపి, డబ్బు మాటెత్తితే కోప్పడ్డారు. వేమగిరి, పొట్టిలంక, జేగురుపాడు నర్సరీల వారు ఆ ఉదయం తమ గేట్లు మూసి ఊరేగింపులో నడిచారు. మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

చివరగా ఒక విన్నపం. నాన్నగారు అడ్వాన్సు తీసుకున్న రైతుల వివరాలు ఆయన నోటు పుస్తకంలో ఉన్నంతవరకు మేము చూసుకున్నాము. పుస్తకంలో రాయకుండా నోటిమాట మీద ఇచ్చినవారు కూడా ఉంటారని మాకు తెలుసు. అటువంటివారు మొహమాటపడకుండా నర్సరీకి వచ్చి ఆ విషయం చెబితే చాలు, రసీదు అడగము. మామిడి అంట్లు ముదిరి సిద్ధంగా ఉన్నాయి. తొలకరి పడగానే, ముందు మాట ఇచ్చినవారికి ముందుగా పంపిస్తాము. ఆదివారం మాత్రం ఆరాధన ముగిసిన తరువాతే గేటు తీస్తాము.