ఆటల పీరియడ్ తీసెయ్యమన్న తల్లిదండ్రులకు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

యూనిట్ టెస్టు మార్కులు డైరీలో పంపాం, చూసి సంతకం పెట్టండి. ఇక ఆటల పీరియడ్ సంగతి. దానికి జవాబు చెప్పే ముందు ఒక రగ్బీ ఆటగాడి కథ చెబుతాను.

ఎనిమిదో తరగతి పిల్లలు ‘డ్రాప్ గోల్ అంటే ఏంటి సార్?’ అని అడిగితే మా పీఈటీ మాస్టారు ఎక్కడి నుంచో రగ్బీ బంతి పట్టుకొచ్చారు. చేతుల్లోంచి బంతిని జారవిడవాలి, అది నేలను తాకి లేస్తుండగానే గోల్ స్తంభాల మధ్య నుంచి అడ్డకర్ర పైగా వెళ్లేలా తన్నాలి. కోలగా ఉండే బంతి కదా, ఎటు లేస్తుందో దానికే తెలియదు. మావాళ్లు తన్నినవన్నీ సైకిల్ స్టాండు మీదికే!

ఈ విద్యలో ఆరితేరిన మనిషి అర్జెంటీనాకు చెందిన హ్యూగో పోర్టా. పుట్టింది 1951లో, బ్యూనస్ ఎయిర్స్‌లో. 1985 నవంబర్ 2న అదే నగరంలో న్యూజీలాండ్‌తో మ్యాచ్ 21-21తో సమమైంది. అర్జెంటీనా ఒక్క ట్రై (బంతిని అవతలి జట్టు గోల్ గీత దాటించి నేలకు ఆనించడం) కూడా చేయలేదు. నాలుగు పెనాల్టీలు (అవతలి జట్టు తప్పు చేస్తే దొరికే తన్నులు), మూడు డ్రాప్ గోల్స్, మొత్తం 21 పాయింట్లూ పోర్టా కాలి నుంచి వచ్చినవే. న్యూజీలాండ్‌ను అర్జెంటీనా మొదటిసారి ఓడించింది 2020లో, 25-15తో. ఆ 25 పాయింట్లూ కూడా పోర్టాలాగే పదో నంబరు చొక్కాతో ఆడే నికొలాస్ సాంచెజ్ ఒక్కడే కొట్టాడు.

1982లో బ్లూమ్‌ఫాంటీన్‌లో దక్షిణాఫ్రికాను 21-12తో ఓడించిన రోజున కూడా పాయింట్లన్నీ పోర్టావే. అక్కడ వర్ణవివక్ష రాజ్యమేలుతున్న రోజులవి, ఆ దేశంతో ఆటలాడొద్దని చాలా దేశాలు వెలివేశాయి. అందుకే ఆ జట్టు అర్జెంటీనా పేరుతో కాకుండా ‘సౌత్ అమెరికన్ జాగ్వార్స్’ పేరుతో వెళ్లింది. గెలుపు గొప్పదే, వెళ్లడం సబబేనా అన్నది వేరే మాట. పిల్లలకు రెండూ చెప్పాను. 1991లో అదే దేశానికి పోర్టా అర్జెంటీనా రాయబారిగా వెళ్లారు.

అన్నిటికంటే మీకు చెప్పాలనుకున్నది ఇది. పోర్టా వృత్తిరీత్యా ఆర్కిటెక్ట్. పోర్టా ఆడిన పదిహేను మంది జట్ల రగ్బీలో (దీన్ని రగ్బీ యూనియన్ అంటారు) 1995 దాకా ఆడినందుకు డబ్బు తీసుకోకూడదు. దేశానికి కెప్టెన్ అయినా పొట్టకూటికి వేరే పని ఉండాల్సిందే. ఆయన చదువూ వదల్లేదు, 1971లో మొదలుపెట్టిన అంతర్జాతీయ ఆటను 1990లో కూడా ఆడారు.

పదో తరగతికి ఆటల పీరియడ్ తీసేసి లెక్కలు చెప్పించమని కొందరు అడిగారు. మీ ఆదుర్దా అర్థమైంది, కానీ తీయడం లేదు. లెక్కల్లో వెనకబడ్డవాళ్లకు సాయంత్రం బడి అయ్యాక మాస్టారు విడిగా కూర్చోబెట్టి చెబుతారు. ఆటలున్న రోజు కాన్వాస్ బూట్లతో పంపండి, చెప్పులతో వస్తే గ్రౌండులోకి రానివ్వం. ఆయాసం, ఉబ్బసం ఉన్న పిల్లల సంగతి ముందే క్లాస్ టీచరుకు చెప్పండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు