కొలిమి అతుకుకు కర్రబొగ్గును తక్కువగా చూడవద్దు

సంపాదకులకు,

ఆర్యా,

కమ్మరి పనిలో కర్రబొగ్గుకు కాలం చెల్లిందనీ, ఇనుమును కాల్చి అతకడానికి కావలసిన వేడి రాక్షసి బొగ్గుతోనే వస్తుందనీ మన ప్రాంతంలో గట్టిగా పాతుకుపోయిన అభిప్రాయం ఒకటి ఉంది. పాలిటెక్నిక్ వర్క్‌షాపులో చాలాకాలం కొలిమి పని నేర్పినవాడిగా ఈ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. దానివల్ల చేతిపని మీద బతికేవారికి నష్టం జరుగుతోంది కనుక ఈ నాలుగు మాటలూ మీ పాఠకుల దృష్టికి తెస్తున్నాను.

కొడవలిని వంచడానికో, గునపం మొన సాగదీయడానికో ఏ బొగ్గయినా చాలావరకు సరిపోతుంది. అతుకు సంగతి వేరు. గొడ్డలినే తీసుకుందాం. ఒళ్లంతా మెత్తని ఇనుముతో చేసి, వాదర దగ్గర మాత్రం పాత లారీ కమాను పట్టీ ముక్కను పెట్టి అతుకుతారు. మెత్తని ఇనుము సుమారు 1,200 నుంచి 1,300 డిగ్రీల సెల్సియస్ వేడికి రావాలి. కర్బనం ఎక్కువగా ఉన్న కమాను ఉక్కుకు అంతకంటే కొంత తక్కువ వేడి చాలు, మించితే అది రవ్వలు చిమ్ముతూ కాలిపోతుంది. పైన చల్లిన వెలిగారం 743 డిగ్రీల దగ్గరే కరిగి, ఇనుము మీద పేరుకున్న ఆక్సైడు పొరను తనలో కలుపుకుంటుంది. లోహం పసుపు దాటి తెలుపులోకి తిరుగుతూ, తడిసినట్టు నిగనిగలాడే క్షణంలో దాన్ని పట్టకారుతో దాగలి మీదికి తెచ్చి మొదటి దెబ్బను తేలిగ్గా, చురుగ్గా వేస్తే ఆ ద్రవం పక్కలకు చిమ్ముకుపోయి, శుభ్రమైన ఇనుము శుభ్రమైన ఇనుమును తాకుతుంది. అతుకంటే అంతే. ఆ రెండు ముఖాల మధ్యకు బూడిద చేరినా, గంధకం చేరినా ఎంత బలమైన సమ్మెట దెబ్బా దాన్ని నిలబెట్టలేదు.

అందుచేత బొగ్గును ఎంచుకునేటప్పుడు అది ఎంత వేడినిస్తుందని కాక, ఎంత శుభ్రంగా కాలుతుందని ముందు అడగాలి. మంచి గాలి అందితే కర్రబొగ్గు నిప్పులోనూ ఉక్కు కాలిపోయేంత వేడి పుడుతుంది. ఢిల్లీ మెహ్రౌలీలో పదహారు శతాబ్దాలుగా నిలబడి ఉన్న, ఆరు టన్నులకు పైగా బరువున్న ఇనుప స్తంభం కర్రబొగ్గుతో తీసిన ఇనుప ముద్దలను కాల్చి అతికి చేసినదే. ఆ ఇనుములో గంధకం అతి స్వల్పంగా ఉండటానికి కారణం కూడా ఆ బొగ్గే.

గంధకం చేసే కీడును కొంచెం వివరించాలి. ఇనుముతో కలిసి అది ఏర్పరిచే మిశ్రమం 988 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. అంటే అతుకు వేడికి చేరకముందే ఇనుము రేణువుల అంచుల వెంట ద్రవం పాకి ఉంటుందన్నమాట. అటువంటి ముక్కను ఎర్రగా ఉండగా కొడితే పెళుసుగా చిట్లుతుంది. ముడిచమురు శుద్ధిలో చివరికి మిగిలే బొగ్గు, అంటే పెట్‌కోక్ విషయంలో హెచ్చరించవలసింది ఇక్కడే. బూడిద దాదాపు ఉండదు, వేడి పుష్కలం, చూడటానికీ బాగుంటుంది. కానీ అందులో గంధకం తరచుగా 3 నుంచి 7 శాతం దాకా ఉంటుంది. సిమెంటు బట్టీలో ఆ గంధకాన్ని సున్నం పట్టుకుంటుంది. కొలిమిలో పట్టుకునేది మన ఇనుమే. 2017లో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్, హర్యానా, రాజస్థాన్‌లలో దాని వాడకాన్ని నిషేధించింది గాలి కాలుష్యం దృష్ట్యా. అతుకు పని చేసే కమ్మరి మాత్రం ఏ నిషేధమూ లేకపోయినా దానికి దూరంగా ఉండాలి.

ఇక సింగరేణి బొగ్గు. దాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. విద్యుత్ కేంద్రాలకు అది ప్రాణం. అయితే అది ప్రధానంగా కోకు కట్టని రకం. ఝరియా ప్రాంతపు కోకింగ్ బొగ్గు నిప్పు అంచున కాగి, పొగ వదిలి, గట్టి కోకుగా ముద్దకడుతుంది. అనుభవజ్ఞుడైన కమ్మరి ఆ కోకును మధ్యకు లాగి అందులో అతుకు వేస్తాడు. సింగరేణి బొగ్గులో ఆ గుణం లేదు, బూడిద మాత్రం ఎక్కువ. ఆ బూడిద కరిగి గాలి గొట్టం నోటి దగ్గర చిట్టెంగా గడ్డకట్టి, సరిగ్గా వేడి అందుకోవలసిన సమయానికి గాలిని అడ్డుకుంటుంది. కొలిమిని తరచు ఆపి చిట్టెం తీసుకుంటూ పోతే కమాను పట్టీలు సరిచేయడానికి పనికివస్తుంది. అతుకుకు నేను సిఫారసు చేయను. ఏ నేలబొగ్గులోనైనా ఇత్తడి రంగులో మెరిసే చారలు కనిపిస్తే ఆ పెళ్లను పక్కన పెట్టాలి. అది గంధకంతో కూడిన ఖనిజం.

విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల కరెంటు బ్లోయరు పెట్టుకుని రోజంతా కొలిమి నడిపేవారికి, దొరికితే, ఉక్కు కర్మాగారాల్లో వాడే రకం గట్టి కోకు మంచి ఎంపిక. పొగ ఉండదు, నిప్పు నిలకడగా ఉంటుంది. కానీ గాలి ఆగిన కొద్దిసేపటికే అది ఆరిపోతుంది కనుక తిత్తితో ఒంటరిగా పనిచేసుకునేవారికి నప్పదు. పత్తికట్టె, వేరుశనగ పొట్టు అదిమి చేసే బ్రికెట్లు బాయిలరు సరుకు. వాటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు.

గ్రామాల్లోని కొలిములకు తుమ్మ, సర్కారు తుమ్మ, సరుగుడు వంటి గట్టి కర్ర బొగ్గే తగినదని నా దృఢమైన అభిప్రాయం. ఈ చెట్లు మన దగ్గర పెరిగేవే, సర్కారు తుమ్మకైతే కొరతే లేదు. బాగా కాలిన బొగ్గును విరిస్తే లోపల నల్లగా మెరుస్తుంది, రెండు ముక్కలను తాకిస్తే ఖంగుమంటుంది. నిప్పులో వేయగానే పొగ వస్తే అందులో ఇంకా పచ్చికర్ర మిగిలిందని అర్థం. పొడిని జల్లించి తీసేసి, పెద్ద ఉసిరికాయంత ముక్కలు వాడాలి. చాలామంది కర్రబొగ్గుతో అతుకు పడదని అనుకోవడానికి అసలు కారణం నిప్పు లోతు చాలకపోవడం. ఇది తేలికైన బొగ్గు కాబట్టి గాలి గొట్టానికి పైన జానెడుకు తగ్గకుండా నిప్పు పేర్చి, ఇనుమును దాని పైభాగంలో ఉంచాలి. కింద గాలిలోని ఆక్సిజన్ ఖర్చయిపోయి, పైకి వచ్చేసరికి కార్బన్ మోనాక్సైడు మిగులుతుంది. అది ఇనుముకు ఆక్సైడు పొర పట్టకుండా కాపాడుతుంది. అదే వాయువు మనిషికి ప్రాణాంతకం కనుక పొగ లేదన్న ధీమాతో తలుపులు మూసి పనిచేయకూడదు.

2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో కమ్మరం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇచ్చే ఆ పథకం కింద మన జిల్లాల్లో శిక్షణ నిర్వహించే అధికారులు బొగ్గు ఎంపికను ప్రత్యేక పాఠంగా, కొలిమి దగ్గరే నిలబెట్టి నేర్పించాలని కోరుతున్నాను. బొగ్గు అమ్మేవారు బస్తా మీద బూడిద శాతం, గంధకం శాతం ముద్రించాలి. బూడిద పరీక్ష కష్టమైనదేమీ కాదు. పొడి చేసిన నమూనాను 815 డిగ్రీల దగ్గర పూర్తిగా కాల్చి మిగిలినదాన్ని తూచడమే. గుంటూరు, విజయవాడలలోని ఇంజనీరింగ్ కళాశాలలు తమ ప్రయోగశాలల్లో కమ్మరులు తెచ్చిన నమూనాలను ఉచితంగా పరీక్షించి ఇవ్వడానికి ముందుకు రావాలి.

భవదీయుడు,
విశ్రాంత వర్క్‌షాపు బోధకుడు,
గుంటూరు