కొత్త ఇంజన్ పెట్టిన పాత కార్లు వేడెక్కడం గురించి మా కస్టమర్లకు

అంబాసిడర్, పద్మిని, కాంటెస్సా కార్లలో కొత్త ఇంజన్ పెట్టించుకున్నవాళ్ళు మా విజయనగరం షెడ్డుకి ఫోన్ చేసి ఎక్కువగా అడిగే మాట ఒకటే: "బండి వేడెక్కిపోతంది, రేడియేటర్ పెద్దది ఏసేస్తే సరిపోద్దా?" దీనికి ఫోన్‌లోనే సరే అనడం మానేశాం. ఇకపై కొలతలు తీయకుండా మా షెడ్డులో రేడియేటర్ మార్చం. పెద్ద రేడియేటర్‌కి డబ్బు పోశాక కూడా వేడి మీటరు ముల్లు ఎర్ర గీత దగ్గరే నిలబడితే మీకూ బాధే, మాకూ బాధే. అందుకని వేడి ఎక్కడ ఆగిపోతుందో, మేం ఏం చూస్తామో, ఏ పని ఒప్పుకుంటామో, ఏది ఒప్పుకోమో వివరంగా రాస్తున్నాం.

ముందు, బండి నిజంగా వేడెక్కుతోందా అన్నది తేల్చుకోవాలి. ఇప్పటి ఇంజన్లు 90 నుంచి 100 డిగ్రీల మధ్య నడవడానికే తయారయ్యాయి. చాలావాటిలో థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే రేడియేటర్‌కి నీళ్ళు వదిలే వాల్వు) తెరుచుకోవడమే 82 నుంచి 88 దగ్గర మొదలవుతుంది. అంబాసిడర్ పాత 1489 సీసీ ఇంజన్‌కి అలవాటుపడిన కంటికి 96 డిగ్రీలు ప్రమాదంగా కనిపిస్తుంది గానీ, అది దాని మామూలు వేడి. పైగా డాష్‌బోర్డులో పాత మీటరు ఉంచి కొత్త ఇంజన్ సెన్సర్‌కి కలిపితే రెండింటి రెసిస్టెన్స్ కలవదు, ముల్లు అబద్ధం చెబుతుంది. మీటరు పాతదైతే దాని సెన్సర్ కూడా పాతదే, విడిగా బిగించాలి. ఈసీయూకి (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్‌కి) వెళ్ళే సెన్సర్ వైరుని మీటరు కోసం చీల్చకూడదు. చీలిస్తే ఈసీయూకి తప్పుడు లెక్క అంది పెట్రోలు, ఫ్యాన్ రెండూ తప్పుతాయి.

వేడి కొలవడానికి ఇన్‌ఫ్రారెడ్ గన్ చాలు. మెరిసే ఇత్తడి మీద, అల్యూమినియం మీద అది అసలు కంటే తక్కువ చూపిస్తుంది. కాబట్టి థర్మోస్టాట్ హౌసింగ్ మీద, రేడియేటర్ పై ట్యాంకు మీద, కింది ట్యాంకు మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్కలు అంటించి వాటి మీదే గురి పెట్టాలి. థర్మోస్టాట్ తెరుచుకున్నాక, ఇంజన్ 2000 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా ఉండగా పై ట్యాంకుకీ కింది ట్యాంకుకీ తేడా చూడండి. 6 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే మామూలు. 20 దాటితే నీళ్ళు నెమ్మదిగా పోతున్నాయి: రేడియేటర్ తన పని చేస్తోంది, దానికి చేరాల్సిన నీళ్ళే చేరడం లేదు. పైనా కిందా రెండూ కాలిపోతూ తేడా 3, 4 డిగ్రీలే ఉంటే గాలి అందడం లేదు. అదే గన్‌ని కోర్ (రెండు ట్యాంకుల మధ్య సన్న ట్యూబుల జాలీ) మీద అడ్డంగా తిప్పితే మధ్యలో చల్లటి నిలువు చారలు దొరకొచ్చు. అవి మూసుకుపోయిన ట్యూబులు. ఈ మూడు కొలతలు పడకుండా డబ్బు ఖర్చు పెట్టే పని ఏదీ మొదలుపెట్టం.

బండి ఎక్కడ వేడెక్కుతుందో మీరు చెప్పే మాట కూడా మాకు కొలతలాంటిదే. గంటస్తంభం నుంచి కోట దాకా ట్రాఫిక్‌లో ముల్లు లేచి, ఊరు దాటగానే దిగిపోతే అది ఫ్యాన్, గాలి తాలూకు తంటా. ఊళ్ళో బాగానే ఉండి, శ్రీకాకుళం హైవే మీద 90లో వెళ్తుంటే లేస్తే నీటి ప్రవాహం తాలూకుది. ఆపేశాక ఐదు నిమిషాలకి బుసబుసమని పొంగితే రేడియేటర్ మూతనో, లోపల చిక్కిన గాలినో అనుమానించాలి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు వస్తుంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ దాని పై భాగమైన హెడ్‌కీ మధ్య ఉండే సీలు) చూడాలి, రేడియేటర్ సంగతి తర్వాత.

గాలి విషయం. అంబాసిడర్ రేడియేటర్ ఎత్తుగా, నిలువుగా ఉంటుంది. పాత ఫ్యాన్ ఇంజన్‌కే ఉండి దాని ముందు తిరిగేది. స్విఫ్ట్ 1248 సీసీ డీజిల్, ఎస్టీమ్ 1298 సీసీ పెట్రోల్ లాంటివి బండికి అడ్డంగా కూర్చోవడానికి తయారైన ఇంజన్లు. వాటిని బండి పొడుగు వెంట నిలువుగా తిప్పి కూర్చోబెడితే ముందు ఫ్యాన్ బిగించే చోటు ఉండదు, కరెంటు ఫ్యాన్ తప్పదు. ఆ ఫ్యాన్‌ని కోర్‌లోంచి ప్లాస్టిక్ ట్యాగులు దూర్చి కట్టేస్తే రెండు నష్టాలు: కదలికకి ట్యూబులు అరిగి కారతాయి, గాలి కూడా ఫ్యాన్ గుండ్రం మేరకే లాగుతుంది, నాలుగు మూలలు ఖాళీగా ఉండిపోతాయి. ఇది ఇంట్లోనే చూసుకోవచ్చు. బండి నిలిపి ఫ్యాన్ ఆన్ చేసి, రేడియేటర్ ముందు వైపు మధ్యలో ఒక తెల్ల కాగితం పెట్టండి, అతుక్కుంటుంది. అదే కాగితం మూలల్లో జారి పడిపోతే ఫ్యాన్‌కి ష్రౌడ్ లేనట్టే. కాగితం ఎగిరి ముందుకి పోతే వైర్లు తారుమారై ఫ్యాన్ వెనక్కి తిరుగుతోంది.

ష్రౌడ్ అంటే కోర్ మొత్తాన్ని కప్పి, గాలంతా ఫ్యాన్ గుండానే పోయేలా చేసే రేకు డబ్బా. దాన్ని కోర్‌కి ఆనించకుండా 40 నుంచి 50 ఎంఎం ఎడం ఉంచి చేస్తాం, లేకపోతే మూలల గాలి ఫ్యాన్ దాకా రాదు. ష్రౌడ్ అంచులకి, రేడియేటర్ పక్కలకి, బోనెట్ కింద ఉన్న ఖాళీకి స్పాంజి రబ్బరు పట్టీ అంటించడం తప్పనిసరి. ఈ ఖాళీల్లోంచే ఇంజన్ దగ్గరి వేడి గాలి చుట్టూ తిరిగి మళ్ళీ గ్రిల్ ముందుకొచ్చి రేడియేటర్‌లోకే పోతుంది. ట్రాఫిక్‌లో బండి వేడెక్కడానికి ఇది చాలా పెద్ద కారణం, తక్కువ ఖర్చుతో పోయేది కూడా. రబ్బరు పట్టీ వేస్తే చాలదేమో అని కొట్టిపారేయకండి.

వైరింగ్ దగ్గర రాజీ పడం. 14 లేదా 16 అంగుళాల ఫ్యాన్ 15 నుంచి 20 ఆంపియర్లు లాగుతుంది. స్విచ్ నుంచి నేరుగా సన్న వైరు లాగితే మోటారు దగ్గరికి వచ్చేసరికి 11 వోల్టులే ఉంటాయి, ఫ్యాన్ తిరిగినట్టే ఉంటుంది గానీ గాలి ఉండదు. 40 ఆంపియర్ రిలే, 30 ఆంపియర్ ఫ్యూజ్, 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, ఎర్తు నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి. ఇంజన్ నడుస్తుండగా మోటారు టెర్మినల్ దగ్గర 13 వోల్టులు ఉండాలి. ఎర్తుని రేడియేటర్ స్టాండుకి ఇవ్వడం మా దగ్గర నిషేధం. ఆ కరెంటు కూలెంట్ గుండా పారితే అల్యూమినియం కోర్‌కి లోపల్నుంచి గుంతలు పడతాయి. ఈసీయూ దగ్గర ఫ్యాన్ అవుట్‌పుట్ ఉన్న ఇంజన్‌కి అదే వాడతాం. లేనివాటికి రేడియేటర్ కింది ట్యాంకులో 92 దగ్గర ఆన్, 87 దగ్గర ఆఫ్ అయ్యే స్విచ్ పెడతాం. థర్మోస్టాట్ 88దై, స్విచ్ 82ది అయి, అదీ పై ట్యాంకులో ఉంటే ఆ ఫ్యాన్ జన్మలో ఆగదు.

ఇక నీళ్ళ సంగతి. ఇంజన్ మార్చిన బళ్ళలో అసలు చిక్కు ఇక్కడే ఉంటుంది.

స్విఫ్ట్ 1248 సీసీ, అంటే 1.3 డీజిల్‌కి థర్మోస్టాట్ హౌసింగ్ గేరుబాక్స్ వైపు ఉంటుంది. ఇంజన్ నిలువుగా తిప్పాక అది ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు గోడ) వైపుకి పోతుంది. పైహోస్ అంత వెనక నుంచి, సైలెన్సర్ మానిఫోల్డ్ పక్కగా, రేడియేటర్ దాకా రావాలి. పైగా ఆ వెనక భాగం చాలాసార్లు రేడియేటర్ మూత కంటే ఎత్తులో ఉంటుంది. మూత దగ్గర నీళ్ళు నిండుగా కనిపిస్తాయి, హెడ్ వెనక మాత్రం గాలి గూడు కట్టి కూర్చుంటుంది. ఆ గాలి ఆవిరై, సెన్సర్‌కి తగిలి, ముల్లు ఒక్కసారిగా ఎగిరి మళ్ళీ పడిపోతుంది. ముల్లు అలా ఎగిరి పడుతోందంటే గాలి చిక్కిందనే మా మొదటి అనుమానం.

దీనికి మందు ఎక్స్‌పాన్షన్ బాటిల్. ప్రెషర్ మూత ఉన్న బాటిల్‌ని ఇంజన్‌లో అన్నిటికంటే ఎత్తైన చోట బిగించి, హెడ్ మీద ఎత్తైన పాయింటు నుంచి ఒక 6 లేదా 8 ఎంఎం సన్న పైపు, రేడియేటర్ పై ట్యాంకు నుంచి ఇంకొకటి దానికి కలపాలి. బాటిల్ అడుగు నుంచి 19 ఎంఎం పైపు వాటర్ పంపు లాగే వైపుకి పోవాలి. గాలి పైనుంచి బయటికి వస్తుంది, నీళ్ళు కిందనుంచి వెళ్తాయి. రేడియేటర్ మీద ఉన్న పాత మూతని ప్రెషర్ లేని గట్టి మూతతో మూసేస్తాం. నీళ్ళు పోసేటప్పుడు బండి ముందు భాగం జాకీ మీద లేపి, స్టాండ్లు పెట్టి, హీటర్ ఉంటే తెరిచి, గాలి వదిలే బ్లీడ్ స్క్రూ వదులు చేసి బుడగలు లేకుండా ధార వచ్చేదాకా నెమ్మదిగా పోయాలి. పావుగంటలో అయ్యే పని కాదు.

పొడవాటి దారికి రబ్బరు హోస్‌లు ముక్కలు ముక్కలుగా అతికించం. 32 ఎంఎం స్టీల్ పైపు వంచి, రెండు చివర్లా ఉబ్బు తీసి, చిన్న హోస్ ముక్కలతో కలుపుతాం. ఉబ్బు లేని పైపు నుంచి ప్రెషర్‌కి హోస్ జారిపోతుంది, క్లిప్ ఎంత బిగించినా అంతే. ఇంజన్ నోరు 32, రేడియేటర్ నోరు 38 అయితే మధ్యలో తగ్గింపు హోస్ వాడాలి, సైకిల్ ట్యూబు చుట్టకూడదు. కింది హోస్‌లో స్ప్రింగు లేకపోతే హైవే మీద పంపు లాగుడికి అది చదునైపోయి దారి మూసుకుంటుంది. బోనెట్ తెరిచి ఒకరు 3500 ఆర్‌పీఎం దాకా యాక్సిలరేటర్ ఇస్తుంటే ఇంకొకరు కింది హోస్‌ని చూస్తే కంటికే తెలుస్తుంది.

వాటర్ పంపు తిరిగే వైపు కూడా చూడాలి. చాలా కొత్త ఇంజన్లలో పంపు పుల్లీని బెల్టు వెనక వైపు నడిపిస్తుంది. చోటు చాలక బెల్టు దారి మార్చినప్పుడు పంపు తిరగబడి తిరుగుతుంది. కొంచెం నీళ్ళు పంపుతూనే ఉంటుంది కాబట్టి ఖాళీగా నడిపితే బయటపడదు, బరువు పడగానే వేడెక్కిపోతుంది.

థర్మోస్టాట్ పీకేయమని అడిగేవాళ్ళకి: పీకం. పాత ఇంజన్లలో పీకేసినా ఏదో నడిచిపోయేది. కొత్తవాటిలో చాలావరకు థర్మోస్టాట్ వెనక బైపాస్‌ని మూసే రేకు కూడా ఉంటుంది. అది లేకపోతే వేడి నీళ్ళలో కొంత రేడియేటర్‌కి పోకుండా ఇంజన్‌లోనే తిరుగుతాయి. చలికాలంలో ఇంజన్ వేడెక్కదు, ఈసీయూ ఎక్కువ పెట్రోలు పోస్తుంది, మే నెలలో వేడి దిగదు. అనుమానం ఉంటే థర్మోస్టాట్‌ని గిన్నెలో నీళ్ళలో వేలాడదీసి కాచి చూడండి. దాని మీద రాసిన డిగ్రీ దగ్గర కదలాలి, దానికి పది, పన్నెండు డిగ్రీలు పైన పూర్తిగా తెరుచుకోవాలి. లేకపోతే కొత్తది వేయండి. అలాగే హీటర్ లేని బండికి ఇంజన్ మీది హీటర్ పైపులు రెండింటికీ బిరడా కొట్టకండి. ఆ దారిలో వచ్చే వేడి నీళ్ళతోనే కొన్ని ఇంజన్ల థర్మోస్టాట్ తెరుచుకుంటుంది. రెంటినీ ఒకే హోస్‌తో కలిపేయాలి.

మూతల విషయంలో తొందరపడకండి. మూత నిలిపే ప్రెషర్‌లో ప్రతి ఒక్క పీఎస్ఐకి నీళ్ళు మరిగే వేడి సుమారు 1.6 డిగ్రీలు పెరుగుతుంది కాబట్టి 4, 7 పీఎస్ఐ పాత మూతల కంటే 13 పీఎస్ఐ మూత మంచిదే. అయితే టంకం వేసిన పాత ఇత్తడి రేడియేటర్‌ని ముందు చేతిపంపుతో ఆ ప్రెషర్‌లో నిలబెట్టి చూడాలి, లేకపోతే ట్యాంకు అతుకులు విడిపోతాయి.

బోరు నీళ్ళు పోయకండి. మన వైపు చాలా ఊళ్ళలో బోరు నీళ్ళు పోస్తే గిన్నెల్లో తెల్లగా గార కడుతుంది, రేడియేటర్ ట్యూబుల్లోనూ అదే కడుతుంది. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్, ఇథిలిన్ గ్లైకాల్ కూలెంట్ మాత్రమే. ఇక్కడ నీళ్ళు గడ్డకట్టే చలి లేదు కాబట్టి 40 శాతం కూలెంట్ చాలు. మొత్తం 8 లీటర్లు పట్టే బండికి 3.2 లీటర్లు కూలెంట్, 4.8 లీటర్లు డిస్టిల్డ్ వాటర్. డబ్బా మీద రెడీమిక్స్ అని ఉంటే నీళ్ళు కలపకూడదు. ఆకుపచ్చదీ, ఎర్రదీ కలిపేస్తే కొన్నిసార్లు జిగురు కట్టి ట్యూబులు మూస్తుంది. రెండేళ్ళకోసారి మార్చండి. రేడియేటర్ కడిగించడానికి బయట ఇస్తే అది అల్యూమినియందో ఇత్తడిదో ముందే చెప్పండి. కాస్టిక్ సోడా తొట్టెలో అల్యూమినియం ముంచితే కోర్‌ని తినేస్తుంది.

ఇప్పుడు మేం హామీ ఇవ్వలేని సంగతి. పద్మినిలో 1.3 డీజిల్, దాని ముందు ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది), దాని ముందు ఏసీ కండెన్సర్ పెట్టించుకుని, మే నెల మధ్యాహ్నం ఐదుగురితో సాలూరు దాటి సుంకి ఘాట్ ఏసీ ఆపకుండా ఎక్కాలంటే, ఆ బండి ముక్కులో అంత రేడియేటర్‌కి చోటు లేదు. రేకు కోస్తే చోటు వస్తుంది, కానీ పద్మిని ముఖం పాడవుతుంది, ఆ కోత మేం పెట్టం. అలాంటి బండికి ఘాట్‌లో ఏసీ ఆపుకోవాలి, మూడో గేరులో ఈడ్చకుండా రెండో గేరులో ఎక్కాలి, పైకి చేరాక రెండు నిమిషాలు ఖాళీగా నడవనిచ్చి ఆపాలి. అంబాసిడర్‌లో చోటు ఉంది, ఏసీతో సహా చేయగలం.

పొంగిన బండి మూత చేత్తో తట్టుకోగలిగే వేడికి దిగేదాకా తీయకండి, వేడి హెడ్ మీద చల్లనీళ్ళు గుమ్మరించకండి. హెడ్ వంగుతుంది, పగులుతుంది.

పని పద్ధతి మారింది కాబట్టి గడువు కూడా మారింది. కూలింగ్ పనికి బండి కనీసం వారం మా దగ్గర ఉండాలి. ష్రౌడ్, పైపులు బండిని బట్టి కొలిచి చేస్తాం, రెడీగా ఉండవు. ఖర్చు కొలతలు తీశాకే రాసిస్తాం. ఇంజన్ మార్పుకి 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద రవాణా శాఖ అనుమతి, ఆర్సీలో కొత్త ఇంజన్ నంబరు ఉండాలి. ఆ కాగితాలు లేని బండి పని తీసుకోం.

బండి ముందు రోజు సాయంత్రమే వదిలి వెళ్ళండి. గాలి గూడు ఉందో లేదో చూడాలన్నా, బుడగలు చూడాలన్నా, పొద్దున్నే, రాత్రంతా చల్లారిన ఇంజన్ మీద మూత తీసి మొదలుపెట్టాలి.